బెల్ లైటు

‘మావాడిది ఇంగ్లండ్‌లో గవర్నమెంట్ ఉద్యోగం’ అని అమ్మ వీధంతా చెప్పుకుంటుంది, ఏ శాఖో మాత్రం చెప్పదు. నాన్నకి ఆ మొహమాటం లేదు. ఫోనెత్తగానే ‘శ్రీకృష్ణ జన్మస్థానంలో ఎలా ఉందిరా?’ అంటారు.

విక్టోరియా రాణి కాలం నాటి జైల్లో ఒక వింగ్‌ని, అంటే ఒక విభాగాన్ని, చూసుకునే ఆఫీసర్‌ని నేను. నడుముకి గొలుసు, దాని చివర తాళాలు. కొత్తలో ఆ చప్పుడు వింటే నాకు కాస్త గర్వంగా ఉండేది. ఖైదీలు అదే చప్పుడుని బట్టి వచ్చేది ఎవరో, ఏ మూడ్‌లో ఉన్నారో చెప్పేస్తారు. ‘రాత్రి నిద్ర లేదా గవ్?’ అని తలుపు అవతలినుంచే అడిగాడొకతను. ఇక్కడ జైలు పెద్దని గవర్నర్ అంటారు. ఆ మాటని కుదించి మమ్మల్నందరినీ ఇక్కడ ‘గవ్’ అనే పిలుస్తారు.

ప్రతి సెల్‌లో బెల్ ఉంటుంది. నొక్కితే తలుపు బయట లైటు వెలుగుతుంది. అయిదు నిమిషాల్లో పలకాలని జైళ్ల తనిఖీ సంస్థ అంటుంది. ఆ సాయంత్రం లాండింగ్ మీద, అంటే సెల్స్ ముందుండే వరండాలో, ఇద్దరమే ఉన్నాం. నేను వెళ్లేసరికి 20 నిమిషాలైంది. తీరా చూస్తే టాయిలెట్ పేపర్ కావాలట! దీనికా ఇంత గోల అనుకున్నాను. అతను అరవలేదు. ‘మీరు లైటు చూశారో లేదో నాకెలా తెలుస్తుంది?’ అన్నాడంతే.

ఇది చెబితే మా సీనియర్ నవ్వాడు. 1996 దాకా ఇలాంటి పాత జైళ్లలో చాలా సెల్స్‌కి మరుగుదొడ్డే లేదు, బకెట్లే గతి. వీళ్లు సుఖపడుతున్నారని ఆయన లెక్క. లోపలున్న వాడికి ఆ బకెట్ సంగతి ఎందుకు?

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో నేరశాస్త్రవేత్త ఆలిసన్ లీబ్లింగ్ బృందం తయారుచేసిన ప్రశ్నపత్రం ఒకటుంది. గౌరవం, న్యాయం, భద్రత ఎలా ఉన్నాయని ఖైదీలనే అడుగుతుంది. సిబ్బందికి వేరే పత్రం. మేం నింపేటప్పుడు టీ గదిలో ఖైదీల ఊసే లేదు. అంతా పైవాళ్ల మీదే: డ్యూటీల రోటా చివరి నిమిషంలో మారుస్తారు, అడిగినదానికి జవాబివ్వరు, మా మాట వినరు. వింగ్‌లో ఖైదీల నుంచి రోజూ నేను వినేవీ ఇవే ఫిర్యాదులు, జవాబు రాని అప్లికేషన్ కాగితాలతో సహా.

ఇప్పుడు వెళ్లడం కుదరకపోతే కిందనుంచే కేకేస్తాను: ‘చూశాను, పది నిమిషాలు!’ ‘సరే గవ్’ అని వినిపిస్తుంది. సంక్రాంతికి నేను పెట్టిన సెలవు కాగితం ఆరు వారాలుగా పైన ఉంది. చూశామని ఇంకా ఎవరూ కేకేయలేదు.