కేబుల్ పీకి చూసిన రాత్రి

2014లో ఒక కంపెనీలో సిస్టమ్ అడ్మిన్‌గా ఉండేవాణ్ణి. సెంట్‌ఓఎస్ 6 అనే లినక్స్ నడిచే రెండు సర్వర్లు, వాటి మీద పదిహేడు వర్చువల్ మెషీన్లు (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు). అన్నిటి డిస్కులూ ఒకే షేర్డ్ స్టోరేజీలో ఉండేవి. సర్వర్లకీ స్టోరేజీకీ మధ్య ఐ-స్కజీ, అంటే నెట్‌వర్క్ మీదుగా డిస్కుని వాడుకునే పద్ధతి. దానికి ఒకే ఒక్క స్విచ్. ఒక మధ్యాహ్నం ఆ స్విచ్ పవర్ సప్లై పోయింది. వేరే స్విచ్ తెచ్చి పెట్టేసరికి సగం మెషీన్లలో ఫైల్ సిస్టమ్‌లు రాయడానికి వీల్లేకుండా రీడ్ ఓన్లీ అయి కూర్చున్నాయి. ఒక్కొక్కటీ చెక్ చేసి పైకి లేపేసరికి తెల్లారింది. రెండో స్విచ్ కొనడానికి ఆ వారమే ఒప్పుకున్నారు.

నెట్‌వర్క్ చూసే కుర్రాడు "బాండింగ్ చేసేద్దాం అన్నా, రెండు కేబుళ్లూ ఒకటైపోతాయి" అన్నాడు. నేను వద్దన్నాను. మావి స్టాకింగ్ లేని (రెండూ కలిసి ఒకే స్విచ్‌లా పనిచేయలేని) స్విచ్‌లు కాబట్టి రెండిటి మీదా కలిపి, అలా కేబుళ్లని కట్టే ఎల్‌ఏసీపీ కుదరదు. కుదిరినా ఒక ఐ-స్కజీ సెషన్ (స్టోరేజీతో ఒక కనెక్షన్) ఒక కేబుల్ మీదే పోతుంది. దారులు ఎన్ని ఉన్నాయో, ఏది బతికుందో డిస్క్ పొరకే తెలియాలి. ఆ పని మల్టీపాత్‌ది, అంటే ఒకే డిస్కుకి ఉన్న దారులన్నిటినీ చూసుకునే లినక్స్ భాగానిది.

స్టోరేజీలో డిస్కుల్ని నడిపే కంట్రోలర్లు రెండు. ఒక్కోదాని నుంచి ఒక కేబుల్ ఈ స్విచ్‌కి, ఒకటి ఆ స్విచ్‌కి. సర్వర్‌లో రెండు పోర్టులు, స్విచ్‌కొకటి. అంటే ప్రతి సర్వర్‌కీ నాలుగు దారులు.

మొదటి తప్పు నాదే. రెండు పోర్టులకీ ఒకే సబ్‌నెట్‌లో (ఒకే అడ్రసుల గుంపులో) ఐపీలు ఇచ్చాను. దారులు నాలుగూ కనిపించాయి గానీ, పోర్టుల కౌంటర్లు చూస్తే డేటా అంతా మొదటి పోర్టులోంచే పోతోంది. లినక్స్, ఏ అడ్రసుకి ఏ పోర్టో చెప్పే రూటింగ్ టేబుల్‌లో ముందున్న పోర్టునే వాడుకుంటుంది మరి. స్విచ్‌కొక సబ్‌నెట్ విడదీసి, గేట్‌వే తీసేసి, స్విచ్‌ల మధ్య లింకు లేకుండా చేశాక లెక్క సరిపోయింది.

జంబో ఫ్రేమ్స్ (మామూలు కన్నా పెద్ద ప్యాకెట్లు) దగ్గర ఒక పూట పోయింది. లాగిన్ అవుతుంది, లన్ (స్టోరేజీ సర్వర్‌కి ఇచ్చే డిస్కు) కనిపిస్తుంది, పెద్ద ఫైలు చదవబోతే ఆగిపోతుంది. 8972 బైట్ల పింగ్‌ని ముక్కలు చేయొద్దని చెప్పి పంపితే అటునుంచి జవాబు లేదు. ఒక్క స్విచ్ పోర్టులో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500గానే ఉండిపోయింది.

తర్వాత మల్టీపాత్ లిస్టులో ఒకే లన్ కింద నాలుగు దారులు, రెండు గుంపులుగా వచ్చాయి. లన్‌ని చూసుకునే కంట్రోలర్ దారులు రెండిటికీ ప్రయారిటీ 50, మిగతా రెండిటికీ 10. డిస్కుని భాగాలుగా పంచే ఎల్‌వీఎం మాత్రం మల్టీపాత్ డివైజ్‌ని వదిలి దాని కింద ఉన్న ఎస్‌డీబీని, అంటే ఒక్క దారినే, పట్టుకుంది. ఫిల్టర్ పెట్టి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్‌లో ముందుగా లోడయ్యే ఫైళ్లు) మళ్లీ కట్టి రీబూట్ చేశాను.

ఇక్కడితో అయిపోయిందని చాలామంది వెళ్లిపోతారు. నేను ఆ శనివారం రాత్రి ఉండిపోయాను. ఒక టెస్ట్ మెషీన్‌లో సెకనుకోసారి టైమ్ రాసే స్క్రిప్టు పెట్టి, మొదటి కేబుల్ పీకాను. రాయడం ఆగింది. పది సెకన్లు, ముప్పై, అరవై... రెండు నిమిషాలు దాటాక గానీ కదల్లేదు. రెండో దారి ఖాళీగా ఎదురుగానే ఉంది, అయినా అంతసేపు ఆగింది!

కారణం రీప్లేస్‌మెంట్ టైమౌట్. డిఫాల్ట్‌గా అది 120 సెకన్లు. తెగిన సెషన్ తిరిగొస్తుందేమోనని ఐ-స్కజీ అంతసేపు ఐఓని (చదివే, రాసే పనుల్ని) తన దగ్గరే పట్టుకుంటుంది, మల్టీపాత్‌కి చెప్పదు. దారి ఒక్కటే ఉన్నప్పుడు అదే మంచిది. నాలుగున్నప్పుడు అదే ముప్పు. కాన్ఫిగ్ ఫైల్లో 5 చేసి, సర్వీస్ రీస్టార్ట్ చేసి మళ్లీ పీకాను. మళ్లీ రెండు నిమిషాలు. గంటసేపు తల పట్టుకున్నాక అర్థమైంది: ఆ ఫైలు కొత్తగా డిస్కవర్ చేసే టార్గెట్లకే (స్టోరేజీ వైపు కొసలకే) వర్తిస్తుంది. పాత టార్గెట్ల రికార్డుల్లో 120 అలాగే ఉంది. ఆ రికార్డులు అప్‌డేట్ చేసి, సెషన్లు ఒక్కొక్కటే లాగౌట్ చేసి లాగిన్ అయ్యాను. ఈసారి పదమూడు సెకన్లు. అందులో సగానికి పైగా తెగిన సంగతి కనిపెట్టడానికే పోతుంది, దానికి నేనొప్పుకున్నాను.

దారులన్నీ పోతే ఏం చేయాలన్నది ఇంకో నిర్ణయం. ఎప్పటికీ క్యూలో పెట్టమంటే ప్రాసెస్‌లు బిగుసుకుపోయి సర్వర్ షట్‌డౌన్ కూడా కాదు. వెంటనే ఎర్రర్ ఇమ్మంటే మళ్లీ రీడ్ ఓన్లీ గోలే. అయిదు సెకన్లకోసారి, పన్నెండుసార్లు చూడమన్నాను. అంటే ఒక నిమిషం ఓపిక.

చివరికి స్విచ్ ఆపి చూద్దామని పవర్ తీగ పట్టుకుని వెనక్కి వెళ్తే, రెండు స్విచ్‌లూ ఒకే యూపీఎస్‌కి తగిలించి ఉన్నాయి. ఇంత చేసి, పవర్ దగ్గర మళ్లీ ఒకే దారి! రెండోదాన్ని వేరే యూపీఎస్‌కి మార్చాం. అప్పుడు ఒక స్విచ్ ఆపాం, తిరిగి ఆన్ చేశాం, దారులు వెనక్కి వచ్చేదాకా ఆగి రెండోది ఆపాం. మెషీన్లు పదిహేడూ నిలబడ్డాయి.

ఏ కేబుల్ పీకితే ఎన్ని సెకన్లు పట్టిందో కాగితం మీద రాసి, తేదీ వేసి ర్యాక్ తలుపుకి లోపలివైపు అతికించాను. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ మూడు నెలలకోసారి మళ్లీ పీకి, కొత్త అంకెలు పక్కనే రాసేవాళ్లం.