మా వాడి బ్లాక్ బెల్ట్, మూడేళ్ళ కాంట్రాక్ట్ – నా అనుభవం

మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా వాడిని ఆరున్నరేళ్ళప్పుడు తైక్వాండోలో చేర్పించాం, తొమ్మిదేళ్ళు నిండకముందే బ్లాక్ బెల్ట్ ఇచ్చేశారు, గుంటూరులో అమ్మమ్మ తాతయ్యలకి ఫొటోలు పంపాం, వాట్సాప్ గ్రూపులో అందరూ కంగ్రాట్స్ పెట్టారు. ఆ తర్వాత ఆరు వారాలకే ఆ స్కూల్ మానిపించేశాం. ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామంది ఇలాంటి చైన్ స్కూళ్ళకే వెళ్తున్నారు కాబట్టి ఎలా చేరాం, ఎలా బయటపడ్డాం అంతా రాస్తున్నా. స్కూల్ పేరు మాత్రం రాయట్లేదు.

చేరేటప్పుడు అంతా బాగుంటుంది. రెండు వారాలు ట్రయల్, యూనిఫాం ఫ్రీ, పిల్లలు వరసగా నిలబడి యెస్ సర్ యెస్ మేడమ్ అంటుంటే చూడముచ్చటగా ఉంటుంది, మా వాడు బాగా సిగ్గరి కాబట్టి నాకు అదే కావాలనిపించింది. నెలకి 169 డాలర్లు, ఏడాది కాంట్రాక్ట్. సరే అని సంతకం పెట్టేశాం. మూడు నెలలకోసారి బెల్ట్ టెస్ట్, టెస్ట్‌కి 60 డాలర్లు. మధ్యలో బెల్ట్ చివర రంగు టేపు ముక్కలు చుడతారు, ఒకటి పంచ్‌లకి, ఒకటి కిక్‌లకి, ఒకటి ఇంట్లో మంచం సర్దుకున్నందుకు. ఆ మూడోది మేమే కాగితం మీద సంతకం చేసి పంపాలి.

ఎనిమిది నెలలకి మేనేజర్ నన్ను గదిలో కూర్చోబెట్టి, మీ అబ్బాయిలో లీడర్‌షిప్ కనిపిస్తోంది, వాడిని బ్లాక్ బెల్ట్ క్లబ్‌కి సెలెక్ట్ చేశాం అన్నాడు. ఏ తల్లికైనా ఆ మాట వింటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎర్ర యూనిఫాం, వారానికి ఒక క్లాస్ ఎక్కువ, నెలకి 219, కాంట్రాక్ట్ మూడేళ్ళు. ఆ రోజే సంతకం పెడితే రిజిస్ట్రేషన్ ఫీజు లేదన్నాడు, పెట్టేశాను. తర్వాత చూస్తే క్లాసులో సగం మందికి పైగా ఎర్ర యూనిఫాంలోనే ఉన్నారు, సెలెక్ట్ కానివాళ్ళంటే ఇంకా డబ్బు కట్టనివాళ్ళేనని నాకు అర్థం కావడానికి చాలా టైమ్ పట్టింది. స్పారింగ్ గేర్, అంటే ఇద్దరు తలపడేటప్పుడు దెబ్బ తగలకుండా వేసుకునేవి, కూడా వాళ్ళ దగ్గరే కొనాలి, బయట కొన్నది పనికిరాదు, అది 280.

ఇక బ్లాక్ బెల్ట్ టెస్ట్, 600 డాలర్లు. హాలంతా తల్లిదండ్రులు, ఫోన్లు పైకెత్తి రికార్డింగులు. మా వాడి వంతు వచ్చింది, చెక్క పలక పగలగొట్టాలి. మొదటిసారి కాలు తగిలింది, పలక కదల్లేదు. రెండోసారీ అంతే. మూడోసారి కాలు మడమ దగ్గర ఎర్రగా అయిపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అప్పుడు పలక పట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్ పక్కకి తిరిగి, అదే సైజుది ఇంకోటి తీసుకున్నాడు. నాకైతే ఏం తేడా తెలీలేదు. నాలుగోసారి టక్కున విరిగింది, అందరూ లేచి చప్పట్లు. ఇంటికొస్తుంటే వెనక సీట్లోంచి వాడు అడిగాడు, "అమ్మా, సర్ పలక మార్చారు, అది సన్నది, నువ్వు చూశావా?" లేదు నాన్నా, నీ కాలికి బలం వచ్చింది అన్నాను. వాడేం మాట్లాడలేదు. కాసేపాగి, "నాకు ఇంట్లో బెల్ట్ కట్టుకోవాలని లేదు" అన్నాడు. అబద్ధం చెప్పింది వాళ్ళొక్కళ్ళే కాదు, నేనూ చెప్పాను, అది నన్ను చాలా రోజులు వదల్లేదు.

రాత్రి కూర్చుని లెక్క వేశాం. 27 నెలల్లో నెల ఫీజులే 5,513, టెస్టులూ గేరూ కలిపితే 6,933 డాలర్లు. మా ఆయన అన్నదేంటంటే, డబ్బు తీసుకోవడం తప్పెలా అవుతుంది, వాళ్ళూ అద్దె కట్టాలి కదా. నిజమే. అసలు అమెరికాకి తైక్వాండో తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకునే జూన్ రీ 1950ల్లో వచ్చింది మన టెక్సాస్‌కే, శాన్ మార్కోస్‌లో కాలేజీ చదివాడు, 1962లో వాషింగ్టన్‌లో స్కూల్ పెట్టాడు, ఆ చుట్టుపక్కల చాలా బ్రాంచీలు నడిపాడు, టీవీలో యాడ్స్ కూడా ఇచ్చాడు. పిల్లలు వేసుకునే ఫోమ్ గేర్‌కి దారి వేసిందీ ఆయనే. కాబట్టి బ్రాంచీలున్నంత మాత్రాన నకిలీ అనను. ఇక్కడ కొందరు ఇలాంటి స్కూళ్ళని బర్గర్ కంపెనీ పేరు కలిపి మెక్‌డోజో (డోజో అంటే కరాటే లాంటివి నేర్పే చోటు) అని తిడతారు, నాకు ఆ మాట మీద కూడా మనసు లేదు, ఎందుకంటే అక్కడ నేర్పే కుర్రాళ్ళు చాలామంది పిల్లల్ని ప్రేమగానే చూశారు. నా కోపం ఒక్కటే, రానిదాన్ని వచ్చిందని పిల్లాడికి చెప్పారు, ఎందుకంటే వాడు ఫెయిలైతే మేం డబ్బు కట్టడం మానేస్తామని భయం.

తర్వాత సర్టిఫికెట్ తీసి చూశాను. దాని మీద ఆ చైన్ పేరు, ఓనర్ సంతకం, బంగారు సీలు, అంతే. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఒలింపిక్స్‌లో ఉండే తైక్వాండోకి డాన్ సర్టిఫికెట్లు, అంటే బ్లాక్ బెల్ట్ స్థాయివి, ఇచ్చేది సియోల్‌లోని కుక్కివాన్ అనే కేంద్రం, 1972లో కట్టారు. ఆ సర్టిఫికెట్‌కి నంబర్ ఉంటుంది, నంబర్‌తో చెక్ చేసుకోవచ్చు. పదిహేనేళ్ళలోపు పిల్లలకి మామూలుగా డాన్ కాదు, పూమ్ అని ఇస్తారు, బెల్ట్ కూడా సగం ఎరుపు సగం నలుపు. రంగు బెల్టులవాళ్ళు నేర్చుకునే తేగుక్ పూమ్సేలు, అంటే ఒక వరసలో చేసే కదలికలు, ఎనిమిది. మా వాడికి వాటిలో ఒక్కటీ రాదు, ఈ చైన్ సొంతంగా తయారు చేసుకున్నవే నేర్పింది. కుక్కివాన్ కాకుండా వేరే సంస్థలూ ఉన్నాయి, వాళ్ళ పద్ధతులు వాళ్ళవి, అదేం తప్పు కాదు, కానీ చేరేటప్పుడే ఈ బెల్ట్ మా బ్రాంచీల్లో తప్ప బయట చెల్లదు అని ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది.

ఇంక క్యాన్సిలేషన్. ఫ్రంట్ డెస్క్‌లో అడిగితే మేనేజర్‌ని అడగమన్నారు. మేనేజర్, మూడేళ్ళ కాంట్రాక్ట్ మేడమ్, ఇంకా 17 నెలలుంది, క్యాన్సిల్ అవ్వదు, కావాలంటే రెండు నెలలు ఫ్రీజ్ చేస్తాం అన్నాడు. 17 నెలలంటే 3,723 డాలర్లు. పైగా మీవాడు ఇప్పుడు మానేస్తే జీవితాంతం సగంలో వదిలేసే అలవాటు అవుతుంది అన్నాడు, ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు లాగేది స్కూల్ కాదు, వేరే రాష్ట్రంలో ఉన్న బిల్లింగ్ కంపెనీ, వాళ్ళకి ఫోన్ చేస్తే స్కూల్‌ని అడగమంటారు, స్కూల్ వీళ్ళని అడగమంటుంది, అలా రెండు వారాలు పోయాయి.

చివరికి కాంట్రాక్ట్ వెనక పేజీ తీసి, ఆ చీమల్లాంటి అక్షరాలు ఒక్కో లైను కింద స్కేలు పెట్టుకుని చదివాను. 25 మైళ్ళు దాటి ఇల్లు మారితే, డాక్టర్ లెటర్ ఉంటే క్యాన్సిల్ చేసుకోవచ్చట. ఆ కిందే ఇంకో క్లాజు, రాతపూర్వకంగా 60 రోజుల నోటీసు, 399 డాలర్ల ఫీజు కడితే ఎవరైనా ఎప్పుడైనా మానేయొచ్చని. మేనేజర్ కుదరదన్నది ఆ పేజీలో అచ్చులో ఉంది! లెటర్‌లో పిల్లాడి పేరు, అకౌంట్ నంబర్, ఆ క్లాజు నంబర్, ఆఖరి డెబిట్ ఏ తేదీనో, రాతలో కన్ఫర్మేషన్ కావాలని, ఇంతే రాశాను, కోపం ఒక్క ముక్క కూడా రాయలేదు. పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రిసీట్ పెట్టి స్కూల్‌కి ఒకటి, బిల్లింగ్ కంపెనీకి ఒకటి పంపాను. వారంలో సంతకాలతో రెండు పచ్చ కార్డులు తిరిగొచ్చాయి, వాటిని ఫొటో తీసి మెయిల్ చేసేదాకా ఎవరూ జవాబివ్వలేదు. బ్యాంకులో స్టాప్ పేమెంట్ ముందే పెట్టేద్దామనుకున్నాం గానీ నోటీసు టైమ్ పూర్తవకుండా ఆపేస్తే బాకీ అని వసూలు చేసే కలెక్షన్స్ వాళ్ళకి పంపుతారని ఫ్రెండ్ చెప్పింది, మంచిపనైంది. రెండు నెలలూ ఫీజూ కలిపి 837 కట్టాం. మూడో నెల మళ్ళీ 219 లాగారు, పచ్చ కార్డులు చూపించి డిస్ప్యూట్ వేస్తే బ్యాంక్ వెనక్కి ఇచ్చింది.

ఇప్పుడు వెళ్తున్నది ఒక పెద్దాయన నడిపే స్కూల్, కొరియా ఆయన, ఒకటే హాలు, ఏ నెలకానెల 120. మొదటిరోజు మా వాడు బ్లాక్ బెల్ట్ సంచిలో పెట్టుకుని వెళ్ళాడు, తీయాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. ఆయన సంచి వైపు కూడా చూడకుండా నిలబడు అని, వాడి ముందు పాదాన్ని తన పాదంతో రెండంగుళాలు జరిపి, మోకాలు ఇంకాస్త వంచమని, అలాగే ఉండు అని వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల్లో తొడలు వణికాయి. మా వాడే, "సర్, నేను వైట్ బెల్ట్ కట్టుకుంటా" అన్నాడు. నేను చెప్పలేదు, ఆయనా చెప్పలేదు.

నాలుగు నెలలకి పసుపు బెల్ట్ టెస్ట్ అడిగితే ఆయన ఇంకా కాలేదు అన్నాడు, ఫీజు తీసుకోలేదు. ఏడుస్తాడేమో అనుకున్నా, ఏడవలేదు, ఏది తప్పుందో చెప్పమని అడిగాడు. వెనక మడమ లేస్తోందట. వచ్చే శనివారం మళ్ళీ టెస్ట్ ఉంది. రోజూ సాయంత్రం నేను తాలింపు వేస్తుంటే కిచెన్‌లో టైల్స్ గీతల మీద పాదాలు పెట్టుకుని తేగుక్ మొదటిది చేస్తాడు, "మడమ లేచిందా అమ్మా?" అని అడుగుతాడు. లేస్తే లేచిందనే చెప్తున్నా.