ఆ రెండో పల్స్ ఎక్కడిది?

నిన్నటితో ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ రివ్యూలు అయిపోయాయి. టెన్షన్ దిగగానే కూర్చుని రాస్తున్నాను.

నా టాపిక్ లేజర్ ఫ్యూజన్‌లో గామా డిటెక్టర్లు. అమెరికాలోని లివర్‌మోర్‌లో 192 లేజర్ కిరణాలతో డ్యుటీరియం, ట్రిటియం (బరువైన హైడ్రోజన్ రకాలు) ఉన్న చిన్న గుళికను, అవి కలిసిపోయి శక్తి వచ్చేలా నొక్కుతారు. 2022 డిసెంబర్ 5న 2.05 మెగాజౌల్స్ పెట్టి 3.15 రాబట్టారు. ఆ మంట ఉండేది సుమారు 100 పికోసెకన్లే (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు). అది ఎప్పుడు అంటుకుందో, ఎప్పుడు ఆరిందో గామా కిరణాలను బట్టి తెలుసుకుంటారు. అవి వచ్చేదే లక్ష కలయికలకు ఏ నాలుగో. గామా ఒక ఎలక్ట్రాన్‌ను తన్నితే, అది గ్యాస్‌లో అక్కడి కాంతి కన్నా వేగంగా దూసుకుపోతూ చెరెంకోవ్ అనే వెలుగునిస్తుంది. దాన్ని ఫొటోమల్టిప్లయర్ అనే ట్యూబ్ పట్టుకుని కరెంటు పల్స్‌గా మారుస్తుంది. మామూలు ట్యూబ్ వేగం కూడా 100 పికోసెకన్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, పది పికోసెకన్లను పట్టే ట్యూబులు తయారుచేశారు.

వైజాగ్‌లో నా దగ్గరున్నవి స్టీలు డబ్బా, డిస్టిల్డ్ వాటర్, పాత ట్యూబ్, ఆకాశం నుంచి ఊరికే వచ్చే మ్యూయాన్లనే కణాలు. అవి నీళ్లలో ఇచ్చే చెరెంకోవ్ వెలుగుకు వారంలో సిగ్నల్ వచ్చేసింది.

అసలు కష్టం ముందటి రివ్యూలో. స్కోప్ (సిగ్నల్‌ను గీతగా చూపే పరికరం) మీద ప్రతి పల్స్ వెనకే 20 నానోసెకన్లకు ఇంకోటి కనిపించేది. ట్యూబ్‌లో మిగిలిన గ్యాస్ వల్లే అని మూడు స్లైడ్లు పెట్టాను. ఒక సార్ ఆపేశారు.

"కేబుల్ ఎంత పొడవమ్మా?"

"రెండు మీటర్లు సార్."

"మీటరుకు 5 నానోసెకన్లు. వెళ్లి రావడానికి ఎంత?"

నోరు పెగల్లేదు. వెనక జూనియర్లు నవ్వారు. "ఇంత కూడా చూసుకోకుండా ఫ్యూజన్ ఎందుకు?" అన్నారాయన. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఆ చివరి మాట అందరి ముందూ అనక్కర్లేదు. పిల్లలకు చదువు చెప్పే పద్ధతి అది కాదు.

ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌లో చీకటి పడేదాకా కూర్చుని, మళ్లీ ల్యాబ్‌కే వెళ్లాను. నాలుగు మీటర్ల కేబుల్ వేస్తే రెండో పల్స్ 40కి జరిగింది. అంటే కేబుల్ చివర తగిలి వెనక్కొచ్చిన సిగ్నలే అది. అలా వెనక్కి రాకూడదంటే కేబుల్ చివర దానికి సరిపోయే 50 ఓమ్స్ ఉండాలి, మా స్కోప్‌కు ఆ ఇన్‌పుట్ లేదు. ఆ పని చేసే టెర్మినేటర్ అడిగితే స్టోర్‌లో ఇండెంట్ (కావాలని రాసిచ్చే కాగితం) రాయమన్నారు, పది రోజులైనా ఫైలు కదల్లేదు. స్టోర్‌ను నమ్ముకుంటే డిగ్రీ రాదు. డాబాగార్డెన్స్‌లో రెండు 100 ఓమ్స్ రెసిస్టర్లు కొని, సమాంతరంగా కలిపి (అప్పుడు 50 అవుతుంది) టీ కనెక్టర్‌కు నేనే సోల్డర్ చేశాను. రెండో పల్స్ పోయింది. మా బ్యాచ్‌లో ఇంత శుభ్రమైన పల్స్ ఇంకెవరికీ రాలేదు.

నిన్న అదే సార్ స్కోప్ ముందు వంగి చాలాసేపు చూశారు. సోల్డర్ చేసిన చోటును వేలితో తాకి, "ఎవరు చేశారు?" అన్నారు. నేనేనన్నాను. సంతకం పెట్టారు.