వాక్సహాచీ కోర్టు నమూనా: గోడల కన్నా ముందు మెట్ల గూడు

టెక్సస్‌లోని ఎల్లిస్ కౌంటీ కోర్టును ఫోమ్ బోర్డుతో 1:150 కొలతలో కడుతున్నాను. డాలస్ నుంచి దక్షిణంగా 30 మైళ్లు వెళ్తే, వాక్సహాచీ ఊరి నడిబొడ్డున ఉంటుంది. ప్లాను గీసినది ఆర్కిటెక్ట్ జేమ్స్ రైలీ గోర్డన్, కట్టడం పూర్తయింది 1897లో. బాండ్లు అమ్మి కోర్టులు కట్టుకోవచ్చని 1881లో టెక్సస్ చట్టం చేశాక కౌంటీలు పోటాపోటీగా కట్టించాయి. వాటిలో నాకు ఇంతగా నచ్చింది ఇంకోటి లేదు.

బయటి గోడల జోలికి పోకుండా నడిమి మెట్ల గూడు ముందు కట్టాను. గోర్డన్ ప్లానంతా దాని చుట్టూనే తిరుగుతుంది. భవనం కూడిక గుర్తులా ఉంటుంది. ద్వారాలు నాలుగు చేతుల చివర కాదు, చేతులు కలిసే మూలల్లో. కిటికీల్లోంచి, ఆ మూల పోర్చీల్లోంచి వచ్చిన గాలి గదుల్లో తిరిగి వేడెక్కి, మెట్ల పక్క ఖాళీలోంచి టవర్‌లోకి ఎక్కిపోతుంది. ఏసీలు లేని రోజుల్లో టెక్సస్ ఎండకు అదే మందు. మండువా లోగిలిలో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే నా నమూనాలోనూ ఆ ఖాళీని అడుగు నుంచి టవర్ దాకా మూయకుండా ఉంచాను.

రాయి పని ఇలా: ఫోమ్ బోర్డు పై కాగితం ఒలిచేసి, వాడేసిన బాల్‌పెన్‌తో వరసలు గీసి, నలిపిన అల్యూమినియం ఫాయిల్ ఉండతో అద్దితే గరుకు గ్రానైట్ దిగుతుంది. స్ప్రే రంగు నేరుగా కొడితే ఫోమ్ కరిగిపోతుంది. ముందు బ్రష్‌తో రెండు పూతలు యాక్రిలిక్ తప్పదు. గులాబీ గ్రానైట్‌కు తెలుపులో ఎర్రమట్టి రంగు, చిటికెడు గోధుమ. ఎర్ర ఇసుకరాయి పట్టీలు విడిగా 1 మి.మీ. అట్టతో కోసి, రంగేసి, చివర అతికిస్తున్నాను. అంచులు శుభ్రంగా వస్తాయి.

వాక్సహాచీ ఫోటోల్లో చెట్లు అడ్డొచ్చిన చోట, టెక్సస్‌లోనే డెకటర్ ఊళ్లో ఉన్న వైజ్ కౌంటీ కోర్టు ఫోటోలు ఆదుకుంటున్నాయి. 1896లో కట్టిన అదీ గోర్డన్‌దే, ప్లానూ అదే.

పోర్చీ స్తంభాల తలలపై చెక్కిన ముఖాలు మాత్రం ఈ కొలతలో పట్టవు. ఓ శిల్పి ప్రేమ చెడిన కొద్దీ ఆ ముఖాలు వికారమయ్యాయని ఊళ్లో చెప్పుకుంటారు, చరిత్రకారులు ఒప్పుకోరు. నాకైతే కథ లేకపోయినా ఆ చెక్కడం చాలు. ఒక్క తలకట్టును 1:20లో మట్టితో విడిగా చేస్తాను. అంతకన్నా ముందు గడియారం అంతస్తు తోరణాలు కోయాలి. అక్కడ బ్లేడు కొత్తది కాకపోతే వంపు చిరుగుతుంది.