పార్శిల్ ఎవరు విప్పుతరు? క్వీర్ కామిక్ అచ్చేసేటోళ్ళ కోసం

జడ్చర్లలోనో దేవరకొండలోనో ఒక ఇంటికి పుస్తకం పోయిందనుకుందాం. తెప్పించుకున్న పిల్ల కాలేజీలో ఉంటది. పోస్ట్‌మ్యాన్ వచ్చేది పగటిపూట. కవర్ అందుకునేది అమ్మ, లేకుంటే నాయినమ్మ, హాస్టల్ అయితే వార్డెన్. ఎల్జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్; కలిపి క్వీర్ అంటరు) కథలతో తెలుగులో కామిక్ వేయాలనుకునేటోళ్ళు మొదటి బొమ్మ గీయకముందే ఈ నిమిషం గురించి ఆలోచించాలె. పుస్తకం సైజు, అట్ట, డబ్బులు కట్టే తీరు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఏం పెట్టాలె అన్నదంతా ఇక్కడినుంచే తేలుతది. పట్నంలో తాము క్వీర్ అని బయటికి చెప్పుకొని బతుకుతున్నోళ్ళ కోసం చేసే పుస్తకం వేరు. గడియారం చౌరస్తాలో నిలబడితే నలుగురు గుర్తుపట్టే ఊళ్ళో ఉండేటోళ్ళ చేతికి పోయే పుస్తకం వేరు.

పెద్ద పబ్లిషర్ పిలుస్తడని కూర్చోవాల్సిన పని లేదు. ఈ రకం కామిక్స్‌లో సొంత అచ్చు మొదటినుంచీ ఉన్నదే. అమెరికాలో కామిక్ ఆర్టిస్ట్ మేరీ వింగ్స్ 1973లో తన 'కమ్ అవుట్ కామిక్స్' తనే అచ్చేసుకున్నది. మన దేశంలో ఇంగ్లిష్‌లో అమృతా పాటిల్ గ్రాఫిక్ నవల 'కరి' 2008లో హార్పర్‌కాలిన్స్ నుంచి వచ్చింది. తెలుగులో చేయాల్సింది ఇంకా చానా ఉన్నది, జిల్లాలో కూర్చొనే చేయొచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ టైం బుడగల్లో మాటల మీద పెట్టండి. బొమ్మ బాగాలేకున్నా పాఠకులు ఓర్చుకుంటరు, పిలుపు తప్పితే పుస్తకం మూసేస్తరు. హిందీలో ఒక ట్రాన్స్ అమ్మాయి "మై ఆ గయీ" అంటే చాలు, తనను తను ఏమనుకుంటున్నదో ఆ ఒక్క క్రియలోనే తెలుస్తది. తెలుగులో "నేనొచ్చిన" అంటే ఆడ లేదు, మగ లేదు. హిందీ, ఉర్దూ స్క్రిప్టుల నుంచి తెచ్చుకునేటప్పుడు ఈ సంగతి జారిపోతది. మన భాషలో ఆ గుర్తు పాత్ర నోట్లో ఉండదు, ఎదుటివాళ్ళ పిలుపులో ఉంటది. "ఎక్కడికి పోయినవ్‌రా" అని నాయిన, "ఎక్కడికి పోయినవే" అని దోస్తు. అదే పేజీలో, అదే మనిషిని. కథంతా ఆ 'రా'కు, 'వే'కు నడుమ నడుస్తది. అమ్మ ఏ పేజీలో 'రా' మానేస్తది అన్నది స్క్రిప్టులోనే రాసిపెట్టుకోవాలె, లెటరింగ్ చేసేటోళ్ళకు (బుడగల్లో అక్షరాలు పేర్చేటోళ్ళకు) వదిలేయొద్దు. మన దిక్కు ఇంకో మాట కూడా ఉన్నది: "తిన్నవా బిడ్డా?" కొడుకుకూ అదే, కూతురుకూ అదే. 'రా' అనలేక, 'వే' అనడానికి నోరు రాక అమ్మ 'బిడ్డా' దగ్గర ఆగిపోయిందంటే, ఆ బుడగ ఒక్కటే పెద్ద ప్యానెల్‌లో (బొమ్మ గడిలో) పెట్టొచ్చు. చుట్టూ బొమ్మ ఏం అక్కరలేదు.

ఆడా మగా కాదనుకునే పాత్ర ఉంటే కష్టం వచ్చేది క్రియ దగ్గర. 'తను' అని తప్పించుకున్నా, వెనుకనే 'వచ్చిండు', 'వచ్చింది' అని తేల్చాల్సి వస్తది. 'వాళ్ళు వచ్చిన్రు' అనొచ్చు గాని, ఒకే ఈడు దోస్తుల నడుమ అది మరీ మర్యాదగ, దూరంగ వినబడ్తది. పని చేసే దారి ఒకటున్నది. నడిపించే మాటలన్నీ ఆ పాత్ర నోటితోనే 'నేను' అని చెప్పించడం, మిగతాది ఎదురెదురు మాటల్లో నడపడం. 'నేను', 'నువ్వు' ఉన్నంతసేపు తెలుగు ఎవరినీ ఇబ్బంది పెట్టదు.

పేపర్లు రాసే 'స్వలింగ సంపర్కులు' అన్న మాట బుడగలో పెట్టకండి. మిర్యాలగూడ పోరడు తన దోస్తుతో అట్ల మాట్లాడడు, "నాకు వాడంటే ఇష్టం" అంటడు. ట్రాన్స్ మహిళలందరూ హిజ్రాలు కారు. హిజ్రా అనేది గురువు, చేలా (శిష్యురాలు) వరుసలున్న ఒక సమాజం. దేవత పూనే శివసత్తులను కథకు అలంకారంగ తెచ్చిపెట్టుకోవద్దు. తిట్టుమాట కథకు తప్పదనుకుంటే ఆ తిట్టేటోని బుడగలోనే ఉండాలె, వెనుక అట్ట మీద, పోస్టర్ మీద ఎన్నడూ రాకూడదు. స్క్రిప్టు అయినంక ఆ జీవితం బతికేటోళ్ళు ఇద్దరు ముగ్గురితోని చదివించండి. అది పని, దానికి డబ్బులివ్వాలె.

బొమ్మల్లో ఇంకో జాగ్రత్త. ఒక నిజమైన గల్లీ చూసి గీసినప్పుడు గుమ్మం రంగు, కాలేజీ యూనిఫాం, బండి నంబర్ అట్లనే దిగుతయి. చిన్న ఊళ్ళో ఆ మూడు చాలు, ఇది ఫలానా వాళ్ళింటి కథ అని చెప్పడానికి. మార్చేయండి. ప్రైడ్ ర్యాలీ ఫోటోల్లోని ముఖాలను కూడా అట్లనే దించకండి.

ఇక అక్షరాలు. తెలుగు మాట పొడుగు. "మాట్లాడుకోవాలనుకుంటున్న" అన్నది ఒక్క మాటే, గుండ్రటి బుడగలో పట్టదు. ఇంగ్లిష్ కామిక్ చూసి నేర్చుకున్నోళ్ళు నిలువు బుడగలు గీస్తరు, ఆఖరికి అక్షరం చిన్నది చేస్తరు, చదవరాదు. బుడగ అడ్డంగ వెడల్పు ఉండాలె, ఒక్కోదాంట్లో 12-15 మాటలు మించొద్దు. ముందు అక్షరాలు పేర్చి, తర్వాత బుడగ గీయండి. ఏ5 (ఏ4 కాగితంలో సగం) పేజీకి 9-10 పాయింట్లు సరిపోతది. పైన గుడి, కింద ఒత్తు ఒకదానికొకటి తగలకుండ ఉండాలంటే లైన్ల నడుమ అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఎడం కావాలె. మండలి, ఎన్టీఆర్, రామభద్ర లాంటి యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా ఒక్కతీరే చదివే) ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్స్‌తో ఉన్నయి, అమ్మే పుస్తకంలోనూ వాడుకోవచ్చు. మామూలు మాటలకు మండలి, అరుపులకు రామభద్ర బాగుంటయి.

సాఫ్ట్‌వేర్ చేసే పాడు ఏందంటే ఒత్తులు విడిపోవడం. "లక్ష్మి, జ్యోత్స్న, రాష్ట్రం, స్త్రీ" అని ఒక లైన్ కొట్టి చూడండి. పొల్లులు బయటపడి ఒత్తులు పక్కకు పోతే, ఆ ప్రోగ్రాం తెలుగును కూర్చలేకపోతున్నదన్నట్టు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెడితే సర్దుకుంటది. ఉచితంగ కావాలంటే ఇంక్‌స్కేప్ సరిగ్గనే చూపిస్తది. జిల్లాలోని డీటీపీ సెంటర్లు ఎక్కువగ అను ఫాంట్లతో పని చేస్తయి, అవి యూనికోడ్ కావు. మీ టెక్స్ట్‌ను అక్కడ మార్పిస్తే అక్షరాలు తారుమారైతయి. అందుకే ప్రెస్‌కు ఓపెన్ ఫైల్ ఇవ్వొద్దు. అక్షరాలన్నీ బొమ్మ గీతలుగ మార్చి అవుట్‌లైన్ చేసిన పీడీఎఫ్ ఇవ్వండి, యూనికోడ్ టెక్స్ట్ మీ దగ్గర విడిగ దాచుకోండి.

మొదటి పుస్తకానికి ఏ5 సైజు, లోపల 32 పేజీలు, అట్ట 4 పేజీలు, సెంటర్ పిన్ (నడుమ మడత మీద పిన్). ఈ బైండింగ్‌కు పేజీలు నాలుగుతో భాగింపబడాలె, ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి అచ్చేసే తీరు) అయితే 16తో భాగింపబడితే కాగితం వృథా కాదు. నలుపు-తెలుపుకు 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) మెరుపు లేని మ్యాప్‌లితో వాడండి. 70 జీఎస్ఎం మీద రాత్రి సీన్ నలుపంతా వెనుక పేజీకి కనబడ్తది. రంగులకు 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్, అట్టకు 250 జీఎస్ఎం ఆర్ట్ కార్డ్. కటింగ్ కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు బొమ్మ బయటికి పోనివ్వాలె. కార్డులు, బిల్లుబుక్కులు కోసే మిషన్ల మీద కత్తి రెండు మూడు మిల్లీమీటర్లు అటుఇటు జరుగుతది కాబట్టి, బుడగలు అంచుకు కనీసం 7 మిల్లీమీటర్లు లోపల ఉంచండి. గీతల బొమ్మ 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), రంగుల పేజీ 300. అక్షరం నలుపు ఒక్క నల్ల ఇంకుతోనే రావాలె. నాలుగు రంగులు కలిసిన నలుపైతే ప్లేటు కొంచెం జరిగినా ఒత్తులకు ఎర్రనీడ వస్తది. రెండు మూడు వందల కాపీల దాకా డిజిటల్, ఐదు వందలు దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. పెండ్లిళ్ళ ముహూర్తాల్లో ప్రెస్‌లు కార్డుల పనితో నిండి ఉంటయి, మీది వెనక్కి పోతది. ఒక్క నెల ముందుగ ఇవ్వండి.

ఎల్జీబీటీ వాళ్ళ ఇంద్రధనుస్సు జెండా రంగులు తెర మీద మెరిసినట్టు కాగితం మీద రావు. ఎక్కువ దెబ్బ తినేది నీలం, వయొలెట్. సియాన్, మెజెంటా (అచ్చులో వాడే నీలి, గులాబీ ఇంకులు) రెండూ వంద శాతం పెడితే నీలం కూడా వయొలెట్‌లాగనే పడ్తది, రెండు చారలు కలిసిపోతయి. నీలానికి మెజెంటా 70 దాటనీయొద్దు, వయొలెట్‌కు సియాన్ తగ్గించి మెజెంటా పెంచండి. ఆరు చారల జెండాకు ఎరుపు పైన ఉంటది. ట్రాన్స్ జెండా ఎటు తిప్పినా ఒక్కతీరే, కాని దాని లేత నీలం, గులాబీ డిజిటల్‌లో తేలిపోతయి. ప్రూఫ్ (మచ్చు అచ్చు) ఒకటి తీయించి, పగటి వెలుతురులో చూసి ఒప్పుకోండి.

అయితే ఆ జెండా అట్ట మీద ఉండాల్నా? పార్శిల్ విప్పే అమ్మ మళ్ళా గుర్తుకు రావాలె ఇక్కడ. మంచి ఉపాయం: పుస్తకానికి సొంత అట్ట సాదాగ, ఒక చెట్టో కిటికీయో ఉండేటట్టు చేసి, దాని మీద 120 జీఎస్ఎం కాగితంతో రంగుల జాకెట్ తొడగడం. బుక్ ఫెయిర్‌లో జాకెట్ కనిపిస్తది, ఇంట్ల చదివేటప్పుడు తీసి పక్కకు పెట్టుకుంటరు. పోస్ట్‌లో పోయే కాపీకి జాకెట్‌ను మడతపెట్టి లోపల పేజీల నడుమ ఉంచండి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 లాంటి సాయం నంబర్లు వెనుక అట్ట మీద కాదు, లోపలి ఆఖరి పేజీలో.

కాగితాల పని తక్కువే. రాసేటోళ్ళు, గీసేటోళ్ళు వేరైతే రాతపూర్వక ఒప్పందం తప్పదు. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం, హక్కులు రాసిచ్చిన కాగితంలో కాలం చెప్పకపోతే ఐదేండ్లు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం అనే లెక్క. కలం పేరుతో వేసినా కాపీరైట్ ఉంటది. ఐఎస్‌బీఎన్‌ను (పుస్తకం గుర్తింపు నంబర్‌ను) రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగ ఇస్తది, అచ్చుకూ ఈ-బుక్‌కూ వేర్వేరు నంబర్లు. అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, ఇంకో మూడు గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలని 1954 చట్టం ఉన్నది. క్రమం తప్పని పత్రికగ వేస్తే రిజిస్ట్రేషన్ మెడకు చుట్టుకుంటది, విడి పుస్తకాలుగనే వేయండి. ప్రెస్ ఓనరు భయపడితే చెప్పడానికి: సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఒప్పుకున్నది, 2018 సెప్టెంబర్ 6న ఇష్టపడిన పెద్దల నడుమ సంబంధం ఐపీసీ సెక్షన్ 377 కింద నేరం కాదన్నది. అశ్లీలతకు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 294 ఉన్నది, అది మగా ఆడా కథకు ఎట్లనో దీనికీ అట్లనే. చేతులు పట్టుకున్న బొమ్మకు 'పెద్దలకు మాత్రమే' అని ముద్ర వేయడం తప్పు. అది మనమే మన కథను బూతు అని ఒప్పుకున్నట్టు. 18 ఏండ్లలోపు పాత్రలకు మాత్రం లైంగిక బొమ్మ ఏదీ వద్దు, ఏ సాకుతోనూ.

పంపే లెక్క చూద్దాం. పైన చెప్పిన పుస్తకం బరువు దాదాపు 65 గ్రాములు, జాకెట్‌తో 75. మూడు కాపీలు కవర్‌తో కలిపి 300 గ్రాముల లోపలే పడ్తయి. పోస్టాఫీసు 2025 మేలో పుస్తకాల కోసం మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం మీద ప్రింటర్ పేరో పబ్లిషర్ పేరో ఉండాలె, లోపల వ్యాపార ప్రకటనలు ఉండొద్దు. అందుకే పబ్లిషర్ పేరు చూస్తేనే విషయం తెలిసిపోయేటట్టు పెట్టుకోకండి, ఆ పేరే కవర్ మీద, డబ్బులు కట్టినోళ్ళ యూపీఐ హిస్టరీలో కనిపిస్తది. ఇంటి అడ్రస్ బదులు పోస్ట్ బాక్స్ తీసుకోండి. ఆర్డర్ ఫారంలో ఒక ప్రశ్న తప్పనిసరి: "ఈ ఫోన్ నంబర్ మీదేనా, ఇంట్లవాళ్ళదా?" ట్రాకింగ్ మెసేజ్ దానికే పోతది. ఇంటికి వద్దన్నోళ్ళకు ఆర్టీసీ కార్గో ఉన్నది, నల్లగొండ బస్టాండ్‌కో మహబూబ్‌నగర్ బస్టాండ్‌కో పోయి తీసుకోవచ్చు. పని అయినంక ఆ అడ్రస్‌ల ఫైల్ చెరిపేయండి.

ప్రచారంలో అందరూ చేసే పొరపాటు, "కామెంట్ పెట్టండి, ముగ్గురు దోస్తులను ట్యాగ్ చేయండి, పుస్తకం గెలవండి" అనడం. ఆ ట్యాగ్ మేనబావకు కనబడ్తది. "సేవ్ చేసుకోండి" అని అడగండి, సేవ్ చేసింది ఎవరికీ తెలియదు. ఇన్‌స్టాగ్రామ్ ఓనరు మెటా 2022 జనవరి నుంచి లైంగికత ఆధారంగ యాడ్ టార్గెట్ చేయనిస్తలేదు. కామిక్స్, తెలుగు సాహిత్యం, బొమ్మలు అనే ఇష్టాల మీదనే నడపండి. ఇన్‌స్టాగ్రామ్‌కు 1080×1350 సైజులో ప్యానెళ్ళు విడగొట్టండి, పేజీని అట్లనే కుదిస్తే ఒత్తులు కనబడవు. వాట్సాప్‌లో బొమ్మ పంపితే ఫోన్ గ్యాలరీలో పడ్తది, ఆ ఫోన్ తమ్ముడు కూడా చూస్తడు. లింక్ మాత్రమే పంపండి.

డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, ప్రైడ్ నడక, పాలమూరు యూనివర్సిటీ, మహాత్మా గాంధీ యూనివర్సిటీలలో తెలుగు చెప్పే లెక్చరర్లు, ఇవి నేరుగ పనికొచ్చే దారులు. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి రెండు కాపీలు ఇవ్వండి. నౌకరీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దంతా అక్కడే ఉంటరు, ఇంటికి తీసుకుపోలేనోళ్ళు అక్కడే కూర్చొని చదువుకుంటరు.

మొదటి అచ్చులో పది కాపీలు అమ్మకుండ ఉంచుకోండి. ఒకదాన్ని దిద్దుబాటు కాపీ చేయండి. "మా దిక్కు అమ్మ ఇట్ల పిలువది" అని ఎవరన్న చెప్పినప్పుడల్లా ఆ బుడగ పక్కన ఎర్ర పెన్నుతో వాళ్ళు చెప్పిన మాట, వాళ్ళ ఊరి దిక్కు రాసిపెట్టండి, పేరు రాయకండి. రెండో అచ్చు ఫైల్ తెరిచినప్పుడు ముందు ఆ కాపీ తీయండి.