ఫోను ఎత్తేవాడు వచ్చాడు, అవతల ఎవరున్నారు?

2025 నవంబరు 1 రాత్రి మా ఇంట్లో టీవీ కట్టేసింది నేను కాదు, మా ఆయన. బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ కప్పు ఎత్తుకోవడం చివరిదాకా చూడటం శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అభిమానికి తద్దినం లాంటిది. ఇష్టం ఉన్నా లేకపోయినా కూర్చోవాలి. ఏడో ఆట, పదకొండో ఇన్నింగ్స్, 5-4. ఆఖరున బంతి డాడ్జర్స్ పిచర్ (బంతి విసిరేవాడు) యమమోటో చేతిలో ఉంది. ముందు రోజే 96 బంతులు విసిరినవాడు, మర్నాడు మళ్లీ వచ్చి ఎనిమిది అవుట్లు తీశాడు. రెండేళ్ల కిందట మేమూ ఈయన కోసం వెంటపడ్డాం. ఆయన 12 ఏళ్లకు 32.5 కోట్ల డాలర్లు తీసుకుని లాస్ ఏంజెలెస్ వెళ్లాడు.

"మీ వాళ్లకూ ఇలాంటివాడొకడు ఉండేవాడు కదా" అన్నారు మా ఆయన. నా పుట్టింటివాళ్ల గురించి కూడా ఇంత ఓదార్పుగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఉండేవాడు. 2014 అక్టోబరు 29, కాన్సాస్ సిటీ, వరల్డ్ సిరీస్ ఏడో ఆట. మేం 3-2తో ముందున్నాం. అయిదో ఇన్నింగ్స్‌లో బుల్‌పెన్ (పిచర్లు వంతు కోసం కాచుకునే చోటు) తలుపు తీసుకుని మా పిచర్ బమ్‌గార్నర్ నడుచుకుంటూ వచ్చాడు. మూడు రోజుల ముందే తొమ్మిది ఇన్నింగ్స్ ఒంటిచేత్తో ముగించినవాడు. ఆ రాత్రి అయిదు ఇన్నింగ్స్, 68 బంతులు, ఒక్క పరుగు ఇవ్వలేదు. ఆ బంతులు పట్టిన క్యాచర్ బస్టర్ పోజీ, ఇప్పుడు జట్టు బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు. అతన్ని పిలిచిన మేనేజర్ బ్రూస్ బోచీ. అందరూ బోచీ ధైర్యాన్ని మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆయన బుల్‌పెన్‌కు ఫోను ఎత్తినప్పుడు అవతల బమ్‌గార్నర్ ఉన్నాడన్న సంగతి ఎందుకో అందరూ మర్చిపోతారు.

నెల రోజులుగా మా ఆఫీసులో జెయింట్స్ కొత్త మేనేజర్ గురించి జరిగిన ప్రతి వాదనలోనూ నేను అన్నది ఇదే: మేనేజర్ కంటే ఫోనుకు అవతల ఎవరున్నారన్నదే ముఖ్యం. ఎవరూ వినలేదు కాబట్టి 2025 నవంబరులో ఇక్కడ రాస్తున్నాను.

ముందు పాత మేనేజర్ బాబ్ మెల్విన్. సెప్టెంబరు 29న తీసేశారు. రెండు సీజన్లలో 161 గెలుపులు, 163 ఓటములు. మనిషి మావాడే: ఇక్కడే పెరిగాడు, ఇక్కడే చదువుకున్నాడు, ఎనభైల్లో ఇదే జట్టుకు క్యాచర్‌గా ఆడాడు. జులైలో వచ్చే ఏడాదికి కొనసాగిస్తున్నామన్నారు. మూడు నెలలు తిరగకముందే పంపించేశారు. ఆయన గొప్పగా నడిపించాడని నేను అనను. కొన్ని రాత్రులు ఆ ముఖం చూస్తే దంతవైద్యుడి దగ్గర వంతు కోసం కూర్చున్నట్టు ఉండేది. అయినా జులై నెలాఖరులో ఆఖరి ఇన్నింగ్స్ చూసుకునే పిచర్లు టైలర్ రోజర్స్‌ను మెట్స్‌కు, కామిలో డొవాల్‌ను యాంకీస్‌కు ఇచ్చేసి, ఆ తర్వాత ఎనిమిదో ఇన్నింగ్స్ నిలబెట్టలేదని మేనేజర్‌ను తప్పుపట్టడం ఏ న్యాయం? బావి పూడ్చినవాళ్లే చేద చేతికిచ్చినట్టుంది.

తర్వాత వారసుల జాబితా వచ్చింది. వార్తల్లో వినిపించిన పేర్లు చూసి నాకు నవ్వు ఆగలేదు. నిక్ హండ్లీ, క్యాచర్. కర్ట్ సుజుకి, క్యాచర్. కాన్సాస్ సిటీ కోచ్ వాన్స్ విల్సన్, క్యాచర్. బోచీ మళ్లీ వస్తాడేమోనని మాలాంటి వాళ్లు కన్న కల కూడా క్యాచర్ కలే. పోజీ గారు మేనేజర్‌ను వెతుకుతున్నారా, గోత్రం కలిసిన సంబంధం వెతుకుతున్నారా అనిపించింది. ఆటలో మిగిలిన ఎనిమిది మంది అవతలి జట్టు వైపు చూస్తూ నిలబడితే, క్యాచర్ ఒక్కడే తనవాళ్ల వైపు చూస్తూ కూర్చుంటాడు. అందుకే మంచి మేనేజర్ అవుతాడంటారు. నిజమే కావచ్చు. నా ఓటు మాత్రం విల్సన్‌కు. ఎప్పుడూ పతాక శీర్షికల్లో లేని కోచ్, చిన్న లీగుల్లో జట్లను నడిపినవాడు, బస్సు ప్రయాణాల బాధ తెలిసినవాడు. హండ్లీ కుటుంబ కారణాలతో తప్పుకున్నాడని చదివాను. సుజుకిని ఏంజెల్స్ తీసుకున్నారు.

చివరికి ఎవరిని తెచ్చారు? టోనీ విటెల్లోను. క్యాచర్ కాడు. టెనెసీ విశ్వవిద్యాలయం కోచ్. వృత్తి బేస్‌బాల్‌లో ఒక్క రోజు ఆడలేదు, ఒక్క రోజు కోచ్‌గా పనిచేయలేదు. కాలేజీ నుంచి నేరుగా పెద్ద లీగు మేనేజర్ కుర్చీలోకి ఇలా వచ్చిన మొదటి మనిషి ఈయనే. ఒప్పందం మధ్యలో వదిలి వచ్చినందుకు టెనెసీకి చెల్లించాల్సిన పరిహారమే 30 లక్షల డాలర్లని పత్రికలు రాశాయి.

వార్త చూడగానే నాకు నచ్చలేదు, దాచడమెందుకు. నా భయం అనుభవం గురించి కాదు, అంకెల గురించి. కాలేజీ జట్టు మామూలు సీజన్‌లో 56 ఆటలు ఆడుతుంది. ఇక్కడ 162. అక్కడ అరిచి, గంతులేసి, ప్రతి ఆటనూ ఆఖరి ఆటలా ఆడించవచ్చు. ఆయన జట్లు అలాగే ఆడేవి. ఇక్కడ మంచి జట్టు కూడా ఏటా 65, 70 ఆటలు ఓడిపోతుంది. ఓడిన మర్నాడు మళ్లీ ఆట, ఆ మర్నాడు ఇంకోటి. పైగా కాలేజీలో కోచ్ ఏరి తెచ్చుకున్న పిల్లలు, ఆడకపోతే బెంచీ మీద కూర్చోబెడతాడు. ఇక్కడ షార్ట్‌స్టాప్ అడేమ్స్ ఒప్పందం 18.2 కోట్ల డాలర్లు, మొదటి బేస్ దగ్గర నిలబడే డెవర్స్‌ది 31.35 కోట్లు. వాళ్లను కూర్చోబెట్టి చూడమనండి.

రెండు వారాలు గడిచాక సగం మెత్తబడ్డాను. కారణం పిచర్ మాక్స్ షెర్జర్. మిజోరీ కాలేజీలో అతనికి బంతి విసరడంలో కోచ్ ఈ విటెల్లోనే. నవంబరు 1న టొరంటో తరఫున ఏడో ఆట మొదలుపెట్టింది కూడా ఆ షెర్జరే, 41 ఏళ్ల వయసులో. (2021లో 107 ఆటలు గెలిచిన మా జట్టును డాడ్జర్స్ ఇంటికి పంపినప్పుడు ఆఖరి అవుట్ తీసింది కూడా అతనే. మా ఫ్లోరెస్ బ్యాటు తిప్పాడని అంపైర్ అన్నాడు. తిప్పలేదు. నాలుగేళ్లయింది, ఇప్పటికీ తిప్పలేదు.) టెనెసీలో విటెల్లో చేతి కింద ఆడిన గారెట్ క్రోషే ఇప్పుడు బోస్టన్‌కు మొదటి పిచర్. 2024లో కాలేజీ కప్పు గెలిచిన జట్టు ఈయనదే. అంటే బంతి విసిరేవాళ్లను తయారుచేయడం తెలుసు. నాకు కావలసింది అదే.

అసలు మేనేజర్ చేతిలో ఇప్పుడు మిగిలినదెంత? 2020 నుంచి మధ్యలో దింపిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. ఒక్క బ్యాటర్ కోసం ఒకణ్ని దింపే ఎత్తు పోయింది. 2022 నుంచి మా నేషనల్ లీగులోనూ పిచర్ బదులు వేరొకడు బ్యాటింగ్ చేస్తున్నాడు, ఆ తలనొప్పి లెక్కలూ పోయాయి. 2026 నుంచి అంపైర్ చెప్పిన బాల్, స్ట్రైక్ మీద జట్టుకు రెండు సవాళ్లు ఇస్తున్నారు. వాటిని అడిగే హక్కు కూడా బ్యాటర్, పిచర్, క్యాచర్‌లకే. టోపీ మీద తట్టి అడగాలి, డగౌట్ (జట్టు కూర్చునే చోటు) నుంచి సైగ కూడా పనికిరాదు. (మా క్యాచర్ పాట్రిక్ బెయిలీ గురించి నా దిగులు ఇక్కడే. అంచున పడ్డ బంతిని స్ట్రైక్‌లా పట్టి చూపించడంలో అతన్ని మించినవాడు లేడు. ఇక యంత్రం చూస్తుంది.) ఇవన్నీ తీసేస్తే మేనేజర్ దగ్గర మిగిలేది డగౌట్ గోడకున్న ఆ ఫోను. ఎవరిని లేపాలి, ఎప్పుడు లేపాలి.

ఆ ఫోను మోగితే అవతల ఎవరున్నారో చూద్దాం. రోజర్స్ లేడు. డొవాల్ లేడు. 2025లో ఆల్‌స్టార్ అయిన రాండీ రోడ్రిగెజ్ మోచేతికి శస్త్రచికిత్స అయింది, 2026లో రాడు. రయాన్ వాకర్ ఉన్నాడు. అతని తర్వాత పేర్లు చెప్పడానికి నేనే స్కోరు పుస్తకం తిరగేయాలి.

నా స్కోరు పుస్తకం గురించి ఒక మాట. 2010 నుంచి వెళ్లిన ప్రతి ఆటనూ పెన్సిలుతో రాసుకుంటాను, పిచర్ మారినప్పుడు మాత్రం ఎర్ర గీత. 2025 జులై 8, ఫిలడెల్ఫియా మీద ఆట పేజీ ఇప్పుడు నా ముందుంది. తొమ్మిదో ఇన్నింగ్స్, మేం 3-1తో వెనక, ఇద్దరు బేసుల మీద. బెయిలీ కొట్టిన బంతి కుడి వైపు గోడకు తగిలి ఎటో దూసుకుపోయింది. జట్టులో పరుగుకు పేరు లేని మనిషి, క్యాచర్, నాలుగు బేసులూ చుట్టి వచ్చేశాడు. 4-3. మైదానం దాటని హోం రన్‌తో ఒక క్యాచర్ ఆట ముగించడం 1926 తర్వాత ఇదే మొదటిసారి. ఆ గడిలో నా పెన్సిలు ములుకు విరిగిన గుర్తు ఉంది. అంత అద్భుతం చూశాక కూడా సీజన్ 81-81 దగ్గర ఆగింది.

ఇక కొనుగోళ్లు. ఏడో ఆటలో ఒహ్టాని మీద మూడు పరుగుల హోం రన్ కొట్టాడు కాబట్టి ఈ నవంబరులో ఊరంతా టొరంటో బ్యాటర్ బో బిషెట్ పేరు జపించింది. కైల్ టకర్ కావాలని ఇంకో వర్గం. వద్దు. ఇద్దరికీ పాత జట్లు ఏడాది ఒప్పందం ఇవ్వజూపాయి కాబట్టి, తెచ్చుకుంటే డబ్బుతో పాటు డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే) అవకాశాలూ పోతాయి. అడేమ్స్‌ను తెచ్చుకున్నప్పుడు అదీ చెల్లించాం. అడేమ్స్ మీద నాకు ఫిర్యాదు లేదు. ఆఖరి రోజున 30వ హోం రన్ కొట్టాడు, 2004లో బాండ్స్ తర్వాత మా చొక్కాలో ఆ అంకె చేరినవాడు లేడు. డెవర్స్ కూడా ఉన్నాడు. బోస్టన్‌లో మొదటి బేస్ ఆడనన్నవాడు ఇక్కడికొచ్చి నోరెత్తకుండా ఆడాడు. చాప్‌మన్ ఉన్నాడు. ఇంకో పెద్ద బ్యాటు కొనడమంటే, ఉన్న మూడు బీరువాలు చాలక నాలుగోది కొని, ఇంటికి తాళం మర్చిపోవడమే.

పెద్ద పేర్ల మీద మోజు ఎటు తీసుకెళ్తుందో మాకు తెలుసు. 2022 డిసెంబరులో యాంకీస్ బ్యాటర్ జడ్జ్ మా జట్టుకు వచ్చేశాడని ఒక విలేఖరి రాస్తే కొన్ని నిమిషాలు మా ఇంట్లో పండగ. పండగ ముగిసేలోపు అతను యాంకీస్‌తోనే ఉండిపోయాడు. అదే నెలలో షార్ట్‌స్టాప్ కొరేయా మాతో 13 ఏళ్లకు 35 కోట్లకు ఒప్పుకున్నాడు. వైద్య పరీక్షల దగ్గర కథ ఆగింది. నేను చొక్కా కొనడానికి కార్డు నంబరు సగం కొట్టి ఆగాను. ఆ సగం నంబరే ఆ చలికాలంలో మా జట్టు చేసిన అతిపెద్ద కొనుగోలు అనుకునేదాన్ని.

నాకు కావలసింది ముగ్గురు. మొదట, లోగన్ వెబ్ పక్కన నిలబడే పిచర్. వెబ్ 2025లో 207 ఇన్నింగ్స్ వేశాడు, 224 మందిని స్ట్రైకవుట్ చేశాడు, రెండూ లీగులో మొదటి స్థానం. ఒక్క ఎద్దుతో ఎంత దున్నుతారు? రేంజర్ సువారెజ్ నాకిష్టం. వేగం తక్కువ, చెప్పిన చోట వేస్తాడు. అతనికీ డ్రాఫ్ట్ మూల్యం ఉంది, అది చెల్లించినా నాకు బాధ లేదు. ఎడంచేతివాళ్లు రాబీ రేతో ఇద్దరవుతారు, అయితే ఏమిటి. 42 ఏళ్ల వెర్‌లాండర్‌ను మళ్లీ తెస్తారేమో, 4 గెలుపులు 11 ఓటములు చూసి అతన్ని తిట్టేవాళ్లు ఆ రోజుల్లో మేమెన్ని పరుగులు చేశామో కూడా చూడాలి. కానీ అది జాలి, ప్రణాళిక కాదు. రెండు, తొమ్మిదో ఇన్నింగ్స్‌కు ఒక గట్టివాడు. మూడు, టైలర్ రోజర్స్.

అవును, మనం ఇచ్చేసిన రోజర్సే. 2025 నవంబరు నాటికి ఏ జట్టుకూ చెందనివాడు. అతను విసిరే తీరు మైదానంలో దగ్గర నుంచి చూడాలి. నడుము వంచి, చెయ్యి దాదాపు నేలను రాసుకుంటూ వస్తుంది, చెరువులో రాయి గెంతించే పిల్లాడిలా. బంతి గంటకు 83, 84 మైళ్ల కంటే ఎక్కువ ఉండదు. బ్యాటర్లు 98 మైళ్ల బంతికి అలవాటుపడి, ఇది వచ్చేలోపే బ్యాటు తిప్పేసి నేలకు కొడతారు. అతన్ని ఇచ్చి బుటో, టిడ్‌వెల్, గిల్బర్ట్‌లను తెచ్చుకున్నాం. ఆఖరి ఇద్దరూ టెనెసీలో విటెల్లో శిష్యులే. ముగ్గుర్నీ ఉంచుకుని అతన్నీ మళ్లీ పిలిస్తే అంతకంటే మంచి బేరం ఉందా?

2026 మార్చి 25న సీజన్ మొదటి ఆట మా మైదానంలోనే, యాంకీస్‌తో. జడ్జ్ వస్తాడు. మా ఆయన టికెట్లు ఎక్కడ తీసుకోవాలని అడిగారు, ఎప్పటిలా హోం ప్లేటు వెనక పై అంతస్తులోనా అని. ఈసారి గోడ అవతల, బుల్‌పెన్ పక్కన తీసుకోమన్నాను. ఫోను మోగినప్పుడు ఎవరు లేచి చొక్కా సర్దుకుంటారో అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది.