లిమిటింగ్ రియేజెంట్ లెక్కల్లో మార్కు ఎక్కడ జారిపోతుంది?

నల్లగొండలోనో పాలమూరులోనో కూర్చుని ఎప్‌సెట్‌కు, నీట్‌కు చదువుతున్న మిత్రుల కోసం ఇది. స్టాయికియోమెట్రీ, అంటే రసాయన చర్యల్లో ఏది ఎంత పడుతుంది, ఎంత వస్తుంది అనే లెక్కల చాప్టర్‌ను చాలామంది ఫస్టియర్ మొదట్లోనే "వచ్చేసింది" అనుకుని మూసేస్తారు. ఆ తర్వాత టైట్రేషన్‌లో, పీహెచ్‌లో, వాయువుల లెక్కల్లో అదే తప్పు వేరే రూపంలో ఎదురవుతుంది. తప్పు జరిగే చోట్లు నిజానికి కొన్నే. వాటిని గుర్తుపట్టి సాధన చేస్తే ఈ మార్కులు ఖాయంగా మనవే.

ప్రశ్నలో రెండు క్రియాజనకాల (రియాక్టెంట్ల) పరిమాణాలూ ఇచ్చారంటే, ఏది ముందు అయిపోతుందో తేల్చకుండా క్రియాజన్యం (ప్రొడక్ట్) జోలికి వెళ్లొద్దు. అది తేలాలంటే గ్రాములు పోల్చకూడదు, మోల్స్ కూడా నేరుగా పోల్చకూడదు. మోల్స్‌ను తుల్య సమీకరణంలోని గుణకంతో, అంటే ఆ పదార్థం ముందున్న అంకెతో భాగించి, వచ్చినవి పోల్చాలి. ఏది తక్కువైతే అదే పరిమిత కారకం, అంటే లిమిటింగ్ రియేజెంట్. ఇక లెక్క మొత్తం ఆ సంఖ్యతోనే నడవాలి.

అమ్మోనియా తయారీ తీసుకోండి. ఒక మోల్ నైట్రోజన్‌కు మూడు మోల్స్ హైడ్రోజన్ కావాలి, రెండు మోల్స్ అమ్మోనియా వస్తుంది. 56 గ్రాముల నైట్రోజన్, 9 గ్రాముల హైడ్రోజన్ ఇచ్చారనుకుందాం. మోల్స్ 2, 4.5. ఇక్కడే చాలామంది "2 తక్కువ కాబట్టి నైట్రోజన్" అని 4 మోల్స్ అమ్మోనియా, అంటే 68 గ్రాములు రాసేస్తారు. ఆప్షన్లలో 68 ఉంటుంది కూడా. గుణకాలతో భాగిస్తే 2, 1.5 వస్తాయి. కాబట్టి ముందు అయిపోయేది హైడ్రోజన్. అమ్మోనియా 1.5 × 2 = 3 మోల్స్, 51 గ్రాములు. నైట్రోజన్ 1.5 మోల్స్ ఖర్చయి 0.5 మోల్, అంటే 14 గ్రాములు మిగులుతుంది.

ఇప్పుడు అయిదు సెకన్ల సరిచూపు: 51 + 14 = 65. మనం వేసింది 56 + 9 = 65. సరిపోయింది. 68 రాసినవాళ్లు ఈ ఒక్క కూడిక చేసినా చాలు, వేసినదానికన్నా ఎక్కువ బరువు ఎలా వచ్చిందని అక్కడే ఆగిపోతారు. రఫ్ వర్క్‌లో "మొదట ఉన్నది, ఖర్చయినది, మిగిలినది" అని మూడు వరుసలు రాసే అలవాటు తప్పకుండా చేసుకోండి. "ఎంత మిగిలింది" అని అడిగినా, మిశ్రమంలో మొత్తం ఎన్ని మోల్స్ అని అడిగినా జవాబు మూడో వరుసలోనే ఉంటుంది.

దిగుబడి, అంటే లెక్క ప్రకారం రావాల్సినదాంట్లో నిజంగా వచ్చిన శాతం. దాని దగ్గర దెబ్బ తినేది దిశ తిరగేసినప్పుడు. పై లెక్కలో దిగుబడి 80 శాతం అంటే 51 × 0.8 = 40.8 గ్రాములు, ఇది అందరూ చేస్తారు. "80 శాతం దిగుబడితో 34 గ్రాముల అమ్మోనియా కావాలి, హైడ్రోజన్ ఎంత?" అంటే మాత్రం గుణించకూడదు, భాగించాలి. 34 ÷ 0.8 = 42.5 గ్రాములు, అంటే 2.5 మోల్స్ వచ్చేలా మొదలుపెట్టాలి. దానికి హైడ్రోజన్ 3.75 మోల్స్, 7.5 గ్రాములు. దిగుబడి తగ్గితే ముడిసరుకు ఎక్కువ పడుతుంది. జవాబు ఆ వైపు ఉందో లేదో చూసుకోండి. వరుసగా రెండు దశలుంటే శాతాలను గుణించాలి: 80, 50 అయితే మొత్తం 40 శాతం.

శుద్ధత వేరు, దిగుబడి వేరు. శుద్ధత క్రియాజనకానికి, లెక్క మొదట్లో. దిగుబడి క్రియాజన్యానికి, లెక్క చివర్లో. వాడపల్లి, మఠంపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయి కూడా వంద శాతం కాల్షియం కార్బొనేట్ కాదు కదా. 80 శాతం శుద్ధత ఉన్న 250 గ్రాముల రాయిని 1.5 లీటర్ల 2 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే, కార్బొనేట్ 200 గ్రాములు, 2 మోల్స్. ఆమ్లం 3 మోల్స్, ఒక మోల్ కార్బొనేట్‌కు రెండు మోల్స్ ఆమ్లం కావాలి, గుణకం 2 కాబట్టి 1.5. ఆమ్లమే ముందు అయిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ 1.5 మోల్స్, 66 గ్రాములు. ఘనపరిమాణం అడిగితే పీడనం చదవండి: 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1 అట్మాస్ఫియర్ అయితే మోల్‌కు 22.4 లీటర్లు, 1 బార్ అయితే 22.7.

ద్రావణాల్లో మిల్లీమోల్స్‌తో పని తేలిక. 0.2 మొలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 50 మి.లీ., 0.3 మొలార్ సోడియం హైడ్రాక్సైడ్ 50 మి.లీ. కలిపితే 10, 15 మిల్లీమోల్స్. గుణకాలతో భాగిస్తే 10, 7.5. క్షారం అయిపోయి 2.5 మిల్లీమోల్స్ ఆమ్లం మిగులుతుంది, అంటే 5 మిల్లీమోల్స్ హైడ్రోజన్ అయాన్లు. ఘనపరిమాణం ఇప్పుడు 100 మి.లీ., కాబట్టి 0.05 మొలార్, పీహెచ్ 1.3. 50తో భాగిస్తే పీహెచ్ 1 వస్తుంది. మిగిలిన ఆమ్లానికి రెండు హైడ్రోజన్లున్నాయని చివర్లో మరిచిపోతే 1.6. ఈ రెండు తప్పులూ ఆప్షన్లుగా ఎదురుచూస్తుంటాయి. ఎప్‌సెట్‌లో మైనస్ లేదు గానీ నీట్‌లో ఒక మార్కు వెనక్కి పోతుంది.

మన జిల్లా పేరుతోనే దేశానికి తెలిసిన నల్లగొండ టెక్నిక్‌లోనూ ఇదే లెక్క దాగి ఉంది. నీటిలోని ఫ్లోరైడ్ తీయడానికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఈ పద్ధతిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలిపి, తేర్చి, వడపోస్తారు. పటిక అంటే ఇక్కడ అల్యూమినియం సల్ఫేట్, 18 నీటి అణువులతో అణుభారం 666. ఒక మోల్ పటిక 3 మోల్స్ కాల్షియం బైకార్బొనేట్‌ను వాడుకుంటుంది. కాల్షియం కార్బొనేట్ రూపంలో చెప్తే 666కు 300, అంటే 1 మి.గ్రా. పటికకు 0.45 మి.గ్రా. క్షారత (నీటికి ఆమ్లాన్ని తటస్థం చేసే శక్తి). లీటరుకు 500 మి.గ్రా. పటిక వేస్తే 225 మి.గ్రా. క్షారత కావాలి. నీళ్లలో 180 మాత్రమే ఉంటే పరిమిత కారకం క్షారతే: 400 మి.గ్రా. పటికే పనిచేస్తుంది, మిగతా 100 నీటిని ఆమ్లంగా మారుస్తుంది. తక్కువపడిన 45ను పూడ్చడానికి 45 × 74 ÷ 100 = 33.3 మి.గ్రా. తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ కావాలి. సున్నం వేయడానికి ఒక కారణం ఇదే. అయితే ఎంత ఫ్లోరైడ్ పోతుందన్నది మాత్రం ఇలా మోల్స్‌తో తేల్చలేం. అది ఎక్కువగా పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలకు అంటుకుని అడుక్కి దిగుతుంది, స్థిరమైన మోల్ నిష్పత్తి ఉండదు. అందుకే పటిక మోతాదును ఆ నీటి ఫ్లోరైడ్, క్షారత రెండూ చూసి నిర్ణయిస్తారు.